చేపల గుత్త, చెరువు పూడిక

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము - ఈ మూడు పట్టణములును సముద్రమునకు బహుదూరమున నున్నవి. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఇచ్చటివారు దానిని మంచి సంవత్సరమనియే తలంతురు. ఇట్టి మెట్టసీమ పేరు చెప్పి చేపల వ్యాపారమును గూర్చియు, అందలి ధర్మమును గూర్చియు ముచ్చటింపబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. నేడు సముద్రోత్పత్తుల నమ్ము పెద్ద కంపెనీలు ఏటేట సుస్థిరత యనియు, సామాజిక బాధ్యత యనియు పేర్లు పెట్టి లావుపాటి నివేదికలు ప్రకటించుచున్నవి. ఆ నివేదికల అట్టలు తొలగించి చూచినచో లోపల మిగులు ప్రశ్న యొక్కటే. నీటినుండి లాభము తీయువాడు ఆ నీటికిని, దాని గట్టున బ్రతుకువారికిని ఏమి బాకీపడి యున్నాడు? సముద్ర మెరుగని మన సీమ ఈ ప్రశ్నకు ఆరువందల యేండ్ల క్రిందటనే సమాధానము వెదకినది. ఆ సమాధానము కొంత రాతిపై నున్నది, కొంత మాన్యపు భూములలో నుండెను, కొంత చెరిగిపోయినది. దానిని మరల చదివి చూచుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

పెన్నయు, చిత్రావతియు రెండును కన్నడదేశమున నందికొండల ప్రాంతమున పుట్టినవి. పెన్న గౌరిబిదనూరు మీదుగా హిందూపురపు సీమలో ప్రవేశించును. చిత్రావతి బాగేపల్లి మీదుగా వచ్చి బుక్కపట్టణపు చెరువునకును, ధర్మవరపు చెరువునకును నీరొసగి ఉత్తరముగా సాగిపోవును. నీరొసగు ననుట అలవాటుగా అనుమాట. ఏటిలో నీరు కనబడునది కొన్ని దినములు, ఇసుక కనబడునది తక్కిన దినములు. చెరువు మరవ పారిన సంవత్సరములను ఈ ప్రాంతపు పెద్దలు పెండ్లిండ్లను, పుట్టుకలను జ్ఞప్తియందుంచుకొన్నట్లు ఉంచుకొందురు. కనుక ఇచ్చట చెరువనగా ప్రకృతి యిచ్చిన సొత్తు కాదు. ఎవరో కట్టినది, ఎవరో కాపాడినది. కాపాడుట మానినచో పది పదునైదేండ్లలో తుమ్మచెట్ల బయలు కాగలది.

క్రీ. శ. 1388 నాటి శాసన మొకటి గౌరిబిదనూరు ప్రాంతమున కలదు. విజయనగర ప్రభువు హరిహరరాయల కుమారుడు ప్రతాపబుక్కరాయలు పెనుకొండలో నుండి రాజ్యము చేయుచుండగా, నీరే ప్రాణులకు ప్రాణము గనుక ప్రజలు సుఖింపవలెనని తలంచి, హెన్నె నదిని, అనగా మన పెన్నను, పెనుకొండకు తీసికొని రావలసినదని నిండుకొలువున ఆనతిచ్చెనట. ఆ పని కొప్పుకొన్నవాడు సింగాయభట్టు. శాసనము అతనిని దశవిద్యాచక్రవర్తి యనియు, జలసూత్రము నెరిగినవా డనియు కొనియాడినది. నేటి మాటలో చెప్పవలెనన్న నీటిపారుదల ఇంజనీరు. అతడు సిరువెర చెరువునకు కాలువ త్రవ్వించి దానికి ప్రతాపబుక్కరాయ మండలపు కాలువ యని పేరిడెను. రాజు పేరు కాలువకు పెట్టుట యుగధర్మము. పని యెరిగినవాని పేరును రాతి కెక్కించుట మాత్రము అంత తరచుగా జరుగు పని కాదు. అందుచే ఆ రాయి మాకు మరింత ప్రియమైనది.

దీనికి పందొమ్మిదేండ్ల ముందు, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్లలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అనంతరాజసాగర మను చెరువు కట్టించెను. అచ్చటి శాసనము చెరువుల శాస్త్రమునకు చిన్న గ్రంథము వంటిది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పట్టిన దని అందు లెక్క చెప్పిరి. మంచి చెరువునకు పండ్రెండు అంగము లుండవలెననిరి: ధర్మముగల రాజు, జలశాస్త్ర మెరిగినవాడు, గట్టి నేల, తీయని నీటి యేరు, రాతికట్ట, లోతైన విశాలగర్భము, దాపున రాతి గని, పనితెలిసిన జనము మొదలగునవి. తరువాత ఆరు దోషములను చెప్పిరి. కట్ట ఊటలు కారుట దోషము. చవుడు నేల దోషము. గర్భము నడుమ మెరక దోషము. నీరు తక్కువై పొలము హెచ్చుట, నీరు హెచ్చై పొలము తక్కువగుట, ఇవియు దోషములే. మిగిలిన దోషము వింతైనది. రెండు రాజ్యముల పొలిమేర మీద చెరువు కట్టరాదు.

ఇంజనీరు చెప్పు మాట కా దది. లోకము చూచినవాడు చెప్పిన మాట. అయిదు శతాబ్దములు గడచిన తరువాత అది మన సీమలోనే అక్షరాల రుజువైనది. పెన్న, చిత్రావతులు మైసూరు సంస్థానమున పుట్టి మద్రాసు రాజధానిలోనికి ప్రవహించుచుండెను. మీది వారు చెరువులు బాగుచేసికొని నీరు నిలుపుకొన్నచో దిగువ చెరువులు ఎండిపోవునని మద్రాసు ప్రభుత్వము మొరపెట్టెను. తుదకు 1892లో రెండు ప్రభుత్వముల నడుమ ఒడంబడిక జరిగెను. అందు పేర్కొనిన నదులలో పెన్నయు, చిత్రావతియు నున్నవి. మద్రాసువారి సమ్మతి లేక మైసూరువారు వానిపై క్రొత్త జలాశయములు కట్టరాదని నిబంధన. నీటిని వాడుకొనువాని బాధ్యత తన కట్టతో తీరదు. దిగువ నున్నవానివరకు సాగును. పోరుమామిళ్ల రాయి దోషమని చెప్పి ఊరకున్నదానిని 1892 నాటి పత్రము షరతుగా మార్చినది.

ఇక చెరువు కట్టిన తరువాతి మాట. కట్టుట ఒకనాటి ఘనకార్యము. దానికి శాసనము కలదు, పేరు కలదు. పూడిక తీయుట ఏటేటి చాకిరి. దానికి పేరు లేదు. మన పూర్వులకు ఈ సంగతి బాగుగా తెలియును. అందుచేతనే రాయలసీమలోను, దానిని తాకియున్న కోలారు సీమలోను దశబంధ మను ఏర్పాటు వెలసినది. ఒకడు తన సొమ్ముతో చెరువు కట్టినను, తెగిన చెరువును బాగుచేసినను వానికి ఆ చెరువు క్రింద కొంత భూమి మాన్యముగా నిత్తురు. మాటనుబట్టి చూడగా ఆదాయములో పదవవంతు. ఆచరణమున ఆ వంతు ఊరూరికి మారుచుండెను. పేరు మాత్రము నిలిచెను. ఒక విధమున నిర్ణీతమైన పొలమే ఇచ్చెడివారు. దానిని ఖండము దశబంధ మనిరి. రెండవ విధమున గ్రామపు మొత్తపు శిస్తులో కొంత తగ్గించి యిచ్చెడివారు. అది షామిలాతు దశబంధము. రెంటికిని షరతు ఒకటే. మాన్య మనుభవించువాడు కట్టను, తూమును, మరవను బాగుగా నుంచవలెను. ఉంచనిచో మాన్యము పోవును.

ఈ షరతునందే రహస్య మంతయు నున్నదని మా నమ్మకము. దశబంధము దానము కాదు, బహుమానమును కాదు. తిరిగి తీసికొనదగిన హక్కు. పైగా మాన్యపు పొలము ఆ చెరువు క్రిందనే యుండును. చెరువు పూడినచో మొదట ఎండునది చెరువును పూడనిచ్చిన వాని పొలమే. దండన విధింపవలసిన అధికారి రావలసిన పనియే లేదు. నేటి కంపెనీలు తనిఖీదారులను నియమించి సాధింపజూచు పనిని ఆనాటివారు మడి ఎక్కడ నుండవలెనో నిర్ణయించి సాధించిరి.

ఇదే విధమున కన్నడసీమ శాసనములలో చెరువు కట్టినవానికి కట్టుకొడగె యనియు, బిట్టువట్ట మనియు భూములిచ్చినట్లు కనబడును. పూడికమట్టి తోలు బండ్లకు, వానిని లాగు దున్నపోతుల పోషణకు వేరుగ భూములు వదలినట్లును కలదు. బండికి మాన్యమిచ్చిన కాలము! కట్టకు శాసనము చెక్కించినవారు మట్టిబండిని మరవలేదు. మనము గర్వపడదగిన సంగతి యిదియే యని మాకు తోచును.

అయినను ఈ ఏర్పాటును బంగారుపూత పూసి చూపుట న్యాయము కాదు. పోరుమామిళ్లలో రెండేండ్లు పనిచేసిన వేయిమంది కూలీలలో ఒక్కని పేరైనను మన మెరుగము. మట్టి త్రవ్విన వడ్డెవారికిని, వలలు వేసిన బెస్తవారికిని మాన్యపు హక్కులలో దక్కిన పాలు స్వల్పము. అనంతపురము ప్రక్కనున్న బుక్కరాయసముద్రపు చెరువుకట్ట తెగబోవగా ముసలమ్మ యను కోడలు గండికి తన్ను తాను బలియిచ్చుకొన్న దను కథ ఈ జిల్లాలో అందరికిని తెలిసినదే. కట్టమంచి రామలింగారెడ్డిగారి కావ్యమునకు అదియే మూలము. చెరువుకు బలి కావలసివచ్చినపుడు కథ రెడ్డిని గాని, కరణమును గాని ఎన్నుకొనలేదు, ఇంటి కోడలిని ఎన్నుకొన్నది. అందరి మేలునకు చెల్లింపవలసిన వెల ఎవరి నెత్తిన పడుచుండెనో ఆ కథ దాచక చెప్పుచున్నది.

ఇప్పుడు చేప మాటకు వత్తము. చెరువున్న చోట చేప యుండును. చేప యున్న చోట గుత్త యుండును. చేపను మన రాజులు చిన్నచూపు చూచినవారు కారు. కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు 12వ శతాబ్దమున వ్రాసిన మానసోల్లాసమున మత్స్యవినోద మను ప్రకరణమే కలదు. అందు చేపల జాతులను వివరించి, ఏ చేపకు ఏ మేత వేయవలెనో చెప్పెను. తమిళదేశమున చోళుల కాలపు శాసనములలో పాశి పాట్టము అను పేరుతో చెరువు చేపల గుత్త కనబడును. ఆ ఆదాయమును చెరువు మరమ్మతునకే కేటాయించు పద్ధతి అచ్చటి గ్రామసభలలో నుండెను. చేపను తీసి ఆ సొమ్ముతో మట్టిని తీయుట. దశబంధమున మడికిని కట్టకును ముడి పెట్టినట్లే, ఇచ్చట చేపకును పూడికకును ముడి పెట్టిరి.

ఆ ముడి ఎందుకు కావలెనో చేపల సంగతి కొంత తెలిసినగాని బోధపడదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు - మన చెరువులలో పెంచు పెద్దచేప లివి. ఇవి నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. వరద వచ్చిన ఏటిలోనే పెట్టును. కాబట్టి చెరువులో ఏటేట పిల్లలను విడువవలెను. విడిచిన పిల్ల కిలో తూగు చేప యగుటకు ఎనిమిది పది నెలలు నీరు నిలువవలెను. పూడిన చెరువులో నీ రంతకాలము నిలువదు. లోతు ఒక బార తగ్గిన చెరువు రెండు నెలలు ముందుగా ఎండినదనుకొనుడు. చేప సగము ఎదుగుదలకే బుట్టలో చేరును. బురదలో తల దాచుకొని ప్రాణము నిలుపుకొను కొర్రమీను ఒక్కటే ఈ విషయమున కొంత స్వతంత్రుడు.

ఇంతవరకు రైతు మేలును, చేపల గుత్తదారు మేలును ఒకటే. ఇద్దరికిని లోతు కావలెను. కాని వేసవి దాపురించునప్పటికి దారులు చీలును. రైతు చివరి తడికై తూము తెరువుమనును; చేప ఇంకను చిన్నదైనచో గుత్తదారు మూయుమనును. గుత్త గడువు ముగియవచ్చినపుడు కథ తారుమారగును: రైతు నీరు నిలుపుమనును, గుత్తదారు వల సులభముగా పడుటకు నీరు వదలుమనును. రాత్రివేళ తూము తెరచి నీరు వదలిరను తగవు చెరువున్న ఊళ్లలో క్రొత్త కాదు. పూర్వము ఈ తగవునకు నడుమ నిలుచువాడు నీరుగంటి. తూము వాని చేతిలో నుండెను. వాని కూలి గింజలు ఆయకట్టు పంటలో నుండెను. పంట పండిననే వాని గాదె నిండును గనుక వాడు ఎవరి పక్షమో అందరికి తెలియును. నీరుగంటి వ్యవస్థ సన్నగిల్లిన ఊళ్లలో తూమునకు యజమాని లేడు.

దత్తమండలములు 1800లో నిజాము నుండి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినవి. ఇదియు కంపెనీయే, లాభమునకై వచ్చినదే. దాని పక్షమున 1800 మొదలు 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో చెరువులను శ్రద్ధగా పరిశీలించెను. చెరువు కట్టదగిన తావు లన్నిటను పూర్వులు ఇదివరకే కట్టియున్నారని అతని అభిప్రాయము. క్రొత్తవి కట్టుటకు తావు లేనపుడు ఉన్నవానిని నిలుపుకొనుటయే పని యని దాని తాత్పర్యము. కాని శిస్తు ఖజానాకు చేరిన వేగముతో సొమ్ము కట్టకు తిరిగి రాలేదు. 1858లో ఇనాము కమిషను మాన్యముల విచారణ నారంభించెను. ఆ యేడే కట్ట తెగు ఆపదలో ఊరివారు పనికి రావలెనని నిర్బంధ కుడిమరామతు చట్టము చేసిరి. ఆచారముగా చేయుచుండిన పనికి చట్టము కావలసివచ్చిన దనగా ఆచారము అప్పటికే నీరసించిన దని గ్రహింపవచ్చును. 1876-78 నాటి ధాతు కరవు వచ్చి ఈ జిల్లాలను ఊడ్చివేసిన తరువాత 1883లో చెరువుల పునరుద్ధరణ పథకము పుట్టెను. అంతకు ముందటి యేడు, 1882లో, అనంతపురము బళ్లారి నుండి విడివడి వేరు జిల్లా యయ్యెను.

చేపల విషయము ప్రభుత్వము చెవికెక్కుటకు ఒక వైద్యుడు కారకు డయ్యెను. మద్రాసు సైనిక వైద్యశాఖలో పనిచేసిన ఫ్రాన్సిస్ డే చేపల శాస్త్రమున ఆరితేరి, భారతదేశపు మంచినీటి చేపలను గూర్చి 1873లో నివేదిక వ్రాసెను. సన్నకన్నుల వలలతో పిల్లలను తుడిచిపెట్టుట, కాలువలకు బుట్టలు కట్టుట, మడుగులలో విషము కలుపుట - వీనిచే చేప నశించుచున్నదని అతడు మొరపెట్టెను. పదులేండ్లు గడచి 1897లో భారత మత్స్యచట్టము వచ్చెను. ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలు చంపుట నేరమయ్యెను. 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ పూనికతో మద్రాసు మత్స్యశాఖ వెలసెను. 1911లో కర్నూలు జిల్లా సుంకేసులలో చేపల క్షేత్ర మారంభించిరి. రాయలసీమ చేపల సీమ కాదనువారికి ఈ సంగతి గుర్తుచేయదగినది. ఇక 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసము నెక్కించి పెద్దచేపలచే చెరువునీటిలోనే గ్రుడ్లు పెట్టించెను. ఏటి వరదకు ఎదురుచూడవలసిన పని తప్పినది. ఆ తేదీని నేడు జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపుచున్నారు. చేపపిల్ల లారీలో వచ్చు సరకయ్యెను.

శాస్త్ర మింత ముందునకు సాగుచుండగా చెరువు హక్కులు ముక్కలగుచు వచ్చినవి. చిన్న చెరువుల చేపల పాట గ్రామపంచాయతీ ఆదాయము. 1997 నాటి చట్టము ననుసరించి నీటి పంపకమును, కాలువల మరమ్మతును నీటివాడకందారుల సంఘములకు అప్పగించిరి. వలవేయు కులములవారి సహకార సంఘములకు గుత్తలో మొదటి అవకాశ మియ్యవలెనను నియమము మత్స్యశాఖది. ఒక్కొక్కటి విడిగా చూచిన మంచిదే. కాని చేప ఒకరిది, నీరు ఒకరిది, మట్టి ఎవరిదియు కాదు అను స్థితి యేర్పడినది. ఏడాదికో, మూడేండ్లకో పాట పాడినవాడు పదియేండ్ల తరువాతి పూడికను గూర్చి యేల తలపోయును? వానిని దుర్మార్గుడనుట మా యభిప్రాయము కాదు. గడువు చిన్నదైన చోట దూరదృష్టి నష్టపు బేర మగును.

సముద్రతీరమున జరిగిన దానిని ఈ కంటితోనే చూడవలెను. అచ్చట అంకెలు పెద్దవి, కథ యదియే. 1990 తరువాత నెల్లూరు మొదలు గోదావరి జిల్లాల వరకు రొయ్యల చెరువులు వ్యాపించెను. వరిమళ్లు ఉప్పునీటి గుంటలయ్యెను. త్రాగునీటి బావులు చవ్వగా మారెను. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యలను తుడిచిపెట్టెను. అది చెరువులు తామే పుట్టించుకొన్న కరవు వంటిది. ఒకని మురికినీటిని ప్రక్కవాడు మంచినీరుగా తోడుకొనుచుండెను. ఎస్. జగన్నాథన్ అను సర్వోదయ నాయకుడు వేసిన దావాలో 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తీరపు నిషిద్ధభూములలోని రొయ్యల చెరువులను తొలగింపవలెననియు, చెడగొట్టినవాడే చెడినదానిని బాగుచేయు ఖర్చు భరింపవలెననియు, నష్టపోయిన గ్రామస్థులకు పరిహార మియ్యవలెననియు ఆ తీర్పు. దశబంధపు షరతు న్యాయస్థానపు భాషలో మరల వినబడినట్లున్నది. అయితే 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చరు చట్టముచేసి అనుమతితో సాగు చేసికొను దారి తెరచెను. 2009లో వనామీ రొయ్యకు అనుమతి దొరకినది. తరువాత ఆంధ్రతీరము దేశపు రొయ్యల ఎగుమతికి పెద్ద ఆధారమయ్యెను.

ఎగుమతి యనగా కొనువాడు దూరదేశమున నున్నాడు. వానికి మన చెరువు కనబడదు. కనబడని చెరువును గూర్చి వానికి నమ్మకము కలిగించుటకే ముద్రలు, ధ్రువపత్రములు, నివేదికలు పుట్టినవి. థాయిలాండులోని థాయ్ యూనియన్ కంపెనీ ఇందుకు చక్కని ఉదాహరణము. మన గోదావరి తీరమున మేత తయారుచేయు అవంతి ఫీడ్స్ అను 1993 నాటి సంస్థలో దానికి వాటా కలదు. ఆ దేశపు పడవలలోను, రొయ్యలు వలుచు పాకలలోను వలసకూలీలను బానిసలవలె వాడుచున్నారని 2014, 2015లలో పత్రికలు బయటపెట్టెను. అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరుల పరిశోధనకు 2016లో పులిట్జర్ బహుమానము లభించెను. ఆ పాకలలో వలిచిన రొయ్యలు తన గొలుసులో చేరినవని తేలగా, కంపెనీ 2015 తుదిలో బయటి పాకలకు పని యిచ్చుట మానివేసి, వలుపు పనిని తన కర్మాగారములలోనికి తెచ్చుకొనెను. 2016లో సీ ఛేంజ్ అను పేర కూలీల భద్రత, చేపల మూలము, కర్మాగారముల నడక, ప్రజల మేలు అను నాలుగు విషయములపై కార్యక్రమము ప్రకటించెను. మంచిదే. అయితే క్రమమును గమనింపుడు: మొదట పత్రిక, తరువాత కొనుగోలుదారు, తరువాత బాధ్యత. పనిని తన కప్పు క్రిందికి తెచ్చుకొనుట మాత్రము మాకు నచ్చిన సంగతి. పాప మెక్కడ జరిగినను అది మరొకని గడపలో జరిగినదను సాకు అందుచే పోవును. మాన్యపు మడి చెరువు క్రిందనే యుండవలె ననుటకును దీనికిని పోలిక కలదు.

మన తీరముననే 2017 మార్చిలో పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరులో ఒక ఆక్వా పరిశ్రమ వ్యర్థజలపు తొట్టిలో దిగిన అయిదుగురు కార్మికులు విషవాయువు సోకి మరణించిరి. పూడిక తీయుట పేరులేని చాకిరి యని పైన చెప్పితిమి. ఆరువందల యేండ్లకును ఆ చాకిరి చేయువాని స్థితి ఎంత మారిన దనుటకు ఈ సంఘటనమే కొలత. నివేదికలలో ఎన్ని పుట లున్నను మేము మొదట వెదకునది తొట్టిలో దిగువాని సంగతి వ్రాసిన పుటనే.

తీరమున మంచి ఏర్పాటు లేకపోలేదు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలు సముద్రముపైకి పోరాదు. చేప గ్రుడ్లు పెట్టు కాలమది. ఈ నియమమున సొగసేమనగా గడియారమువలె అందరికి ఒక్కసారి వర్తించును. ఒకడు మానుకొని మరొకడు దోచుకొను వీలు తక్కువ. మన చెరువులకు ప్రకృతియే వేసవిలో ఇట్టి సెలవు నిచ్చుచుండెను.

ఆ సెలవు ఇప్పుడు మన సీమలో కొన్ని చోట్ల రద్దగుచున్నది. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణ నీరు మెట్టలెక్కి పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయమునకు చేరుచున్నది. 1388లో ప్రతాపబుక్కరాయలు పెన్నను పెనుకొండకు రమ్మనెను. మనము కృష్ణనే రప్పించితిమి. ఆ నీటిని ఎర్రమంచిలో 2019లో కార్ల తయారీ మొదలిడిన కర్మాగారమును త్రాగుచున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణములును చేరినవి. ఏడాది పొడవున నీరు నిలుచు జలాశయమున బొచ్చెయు, శీలావతియు పూర్తి ఎదుగుదలకు వచ్చును; చేపకు విలువ హెచ్చును; పాట హెచ్చును. సింగాయభట్టు కాలువకు సిరువెర చెరువు చివర యయినట్లు ఈ కాలువకు గొల్లపల్లి వంటి జలాశయములు మెట్ల వంటివి. వానిలోనికి నీటితో కూడ మట్టియు వచ్చుచున్నది. గుత్త పత్రము వ్రాయునపుడు, చేపపిల్లలెన్ని, వల కన్ను ఎంత, గడువెన్నేండ్లు అను గళ్ల ప్రక్కన, బండ్లెన్ని అను గడి యొకటి యుండవలెనని మా సూచన. ఆ గడిలో వ్రాయవలసిన అంకెను ఊరిలో పెద్దవయసు నీరుగంటి యెవడైన నుండినచో వాని నడిగి తెలిసికొనవచ్చును.